మూకుడు మూసిన కుండ

పొద్దున, మూసి ఉన్న గదిలోంచి మా అమ్మాయి గొంతు వినిపించింది. "ఎక్డైసిస్ అంటే ఒంటిమీది పాత పెంకు వదిలేయడం" అని పైకి చదువుకుంటోంది. ఆ ఇంగ్లీషు మాట నాకు కొత్త. కానీ చిన్నప్పటి మా పెరటి ఉప్పునీటి వాసన ముక్కుకి తగిలినట్టయింది.

మన సముద్రం వైపు వాళ్ళకి గుర్తుందా? తాత తెచ్చిన పీతల్లో ఒక్కోసారి, అప్పుడే పెంకు వదిలినది, వేలితో నొక్కితే లోపలికి పోయేంత మెత్తగా ఉండేది. నాయనమ్మ దాన్ని విడిగా కుండలో వేసి, ఉప్పునీళ్ళు పోసి, మూకుడు మూసేది.

"మిగతావాటితో ఉంచితే పీక్కుతింటయ్యి. గట్టిపడేదాకా మూత తియ్యమాకండి."

కొన్నాళ్ళకి లోపల గరగర గీకిన చప్పుడు వినపడేది. అప్పుడే మూత తీసేది.

మా అమ్మాయి హాస్టల్లో ఉండలేక చదువు మధ్యలో వచ్చేసింది. వచ్చినవాళ్ళందరూ కారణం అడుగుతుంటే గదిలోంచి బయటికి రావడమే మానేసింది. ఇందాక మా అక్క ఫోన్ చేసి, వచ్చి దానికి నాలుగు మాటలు చెబుతానంది.

"ఇంకా మెత్తగానే ఉందక్కా. ఇప్పుడొద్దు."

అక్కదీ ఆ పెరడే. "మూకుడు మూశావా?" అంది.

నేను జవాబు చెప్పేలోపే లోపల్నుంచి గది గడియ తీస్తున్న చప్పుడైంది.