సాయిలన్న కుట్టిన ఒక్క సీటు

ఎండాకాలం మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఆ కారు తలుపు తీస్తే ముందుగా వచ్చేది సొల్యూషన్ వాసన. రెగ్జిన్ అతికించే ఆ పసుపు జిగురు వేడికి మళ్లీ మెత్తబడి, సీటు లోపలి కొబ్బరి పీచు వాసనతో కలిసి ముక్కుకు తగులుతుంది. తగిలిన ప్రతిసారీ సాయిలన్న లోపల కూర్చుని ఉన్నాడేమో అనిపిస్తుంది. ఆయన ఆ కారులో ఎన్నడూ కూర్చోలేదు.

మాది బాన్సువాడ బజారులో స్టీలు సామాన్ల దుకాణం. గిన్నె చేతిలోకి తీసుకుంటే బరువు చెప్పగలను, మనిషి చెప్పులు చూస్తే ఎంతకు దిగుతాడో చెప్పగలను. పాతకాలపు స్పోర్ట్స్ కారు ఒకటి, రెండే సీట్లది, ఒక రిటైరైన ఆఫీసరు గోదాములో కోళ్లకు నిలయమై ఉంటే, కోళ్ల రెట్టలు ఒక్కొక్కటీ చూపించి మరీ ధర తగ్గించి తెచ్చాను. ఇంజను నడిచింది. లోపల మాత్రం ఏమీ మిగల్లేదు. ఒక సీటు కవరు చిరిగి వేలాడుతోంది, రెండోదాన్ని ఎలుకలు తినేసి స్ప్రింగులే వదిలాయి.

బస్టాండు వెనక ట్రాక్టర్లకూ జీపులకూ సీట్లు కుట్టేది సాయిలన్నే. వచ్చి చూశాడు.

"ఏంది సేటూ, గిండ్ల ఇద్దరే కూసుంటరా? మరి నీ గిన్నెలు యాడ వెడ్తవ్?"

ఆయన కొట్టుకు వెళ్లి, ఆయన చెప్పిన మజూరీకి సగం అన్నాను. వెళ్లిపోతున్నట్టు నటించి నాలుగుసార్లు తిరిగొచ్చాను. నాలుగోసారి ఆయన కత్తెర పక్కన పెట్టాడు.

"గంత తక్వకైతే నువ్వే కుట్టుకో. నేర్పిస్త. నేర్పినందుకు పైసల్ వద్దు."

ఊరంతా గెలిచినట్టు ఇంటికి వెళ్లాను. ఓడింది నేనని తెలియడానికి చాలాకాలం పట్టింది.

మొదటి పాఠం విప్పడం. కత్తెర ముట్టుకోనివ్వలేదు. "ఒక్కొక్క కుట్టు బ్లేడుతోటి తియ్యి. దారం గుంజకు, బట్ట చిరుగుతది." ఆ పాత కవరు విప్పడానికే నాకు నాలుగు ఆదివారాలు పట్టింది. కొత్త రెగ్జిన్ కొలిచి కోసేస్తే పోలేదా అని విసుక్కుంటే నవ్వాడు. "ధర నీకు ఎర్కనే సేటూ. గది ఎట్ల తయారైందో ఎర్క లేదు. విప్పితెనే ఎర్కయితది." విప్పిన ముక్కలను నేల మీద పరిచి, వాటినే కొలతగా పెట్టి కొత్త రెగ్జిన్ కోశాడు. నడిపేవాడి సీటు తానే కుట్టి చూపించాడు.

ఆయనకొక పద్ధతి ఉండేది. పని అయ్యాక యజమాని రెండు చేతులతో కుట్టు పట్టి లాగందే బండి ఇచ్చేవాడు కాదు. "గుంజి చూడు" అన్నాడు నాతోనూ. తలుపుకు కాలు తన్నిపెట్టి లాగాను. ఊడలేదు. ఆ పాత ముక్కలన్నీ గోనెసంచీలో మూటగట్టి మా షెడ్డు మూలన పెట్టాడు.

"ఇగ ఆ పక్క సీటు నువ్వు కుట్టాలె. గీ ముక్కలే తిర్గేసి కోస్కో, సరిపోతయ్. మూట పైలంగ దాచు. నా కండ్లు షుగర్ తోటి మసకైతున్నయ్. మొత్తం పోకముందు గా సీట్ల కూసొని నిజాంసాగర్ కట్ట జూడాలె."

ఆ వారమే కళ్లు చూపించుకోవడానికి ఆయన నిజామాబాద్ వెళ్లాడు. నేను షెడ్డు ఊడ్చి తుప్పు ఇనుము అమ్మకానికి పెట్టాను. పాత సామాన్లు కొనేవాడితో గంటసేపు వాదించాను. చివరికి తూకం పెరగాలని మూలనున్న ఆ గోనెసంచీని కూడా తక్కెడలోకి తోశాను. అందులో ఏముందో నాకు తెలుసు. చిరిగిన గుడ్డ కూడా ఇనుము ధరకు పోతోందన్న సంతోషంలో, అది దేనికో మరిచిపోయాను.

సాయిలన్న తిరిగొచ్చి కొత్త సీటును చేత్తో తడిమాడు. "ముక్కల మూట ఏది?"

"తూకానికేశిన అన్నా."

సీటు మీది నుంచి చెయ్యి తీశాడు. తర్వాత, "మంచి ధరకే వోయిందా?" అని అడిగాడు. అందులో ఎగతాళి లేదు. తిడితే బాగుండేది.

"ఇంకొక్కటే దారి. నేను కుట్టింది విప్పు. ముక్కలు జూసి రెండు సీట్లు మళ్ల కుడుదం. నా చెయ్యి ఇంక నడుస్తది."

"అంత మంచి సీటు విప్పుడేందన్నా? నేను వేరే ఏదన్న చూస్త" అన్నాను. ఆయన సీటు విప్పకుండా పైనుంచే కొలతలు తీసి మూడుసార్లు కుట్టాను. మూడుసార్లూ మూలల్లో ముడతలు పడ్డాయి, లాగితే ఊడొచ్చాయి. ఆగితే దారి దొరుకుతుందనుకున్నాను. బేరగాడికి ఆగడం ఒక్కటే బాగా వచ్చు. వానలు వెళ్లేసరికి ఆయన చూపు పూర్తిగా పోయింది. చలికాలంలో ఆయనే పోయాడు.

ఆ రోజు వాళ్ల వాకిట్లో, ఆయనను పడుకోబెట్టిన గోనెపట్టాను చూశాక నాకు తట్టింది. అలాంటి పట్టానే నాలుగు మడతలు వేసి ఆ పక్క సీటు స్ప్రింగుల మీద పరిచి ఉంటే సరిపోయేది. కట్ట దాకా అరగంట దారి. ఆయన కూర్చునేవాడు, కూర్చోనని ఎన్నడూ అనలేదు. సరుకు మెరిస్తే తప్ప గిరాకీ ముందు పెట్టని దుకాణపు బుద్ధి నాది.

దుకాణంలో ఇప్పటికీ బేరం ఆడుతూనే ఉన్నాను. ఏదో నేర్చుకుని మారానని చెబితే అబద్ధం. ఆయన బ్లేడు మాత్రం జేబులో ఉంటుంది. ఆదివారం షెడ్డుకు వెళ్లి, ఆయన సీటు విప్పాలని కూర్చుంటాను. బ్లేడు తీసి మళ్లీ లోపల పెడతాను. వెళ్లేముందు రెండు చేతులతో కుట్టు పట్టి గట్టిగా లాగి చూస్తాను. ఊడదు. ఒక్క దారం తెగినా, విప్పడానికి సాకు దొరికేది.