బానెట్ మీద చెయ్యి పెట్టి చూసిన మా వదిన

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

నిన్న పొద్దున మడికొండలో ఉన్నాను. మొదటిసారి వింటేజ్ కారు కొనబోతున్న ఒక ఐటీ ఫ్రెండ్ వచ్చి చూడమంటే వెళ్ళాను. బానెట్ మీద చెయ్యి పెట్టానో లేదో ఫోన్ మోగింది. మా అన్న కొడుకు.

"చిన్నాయినా, అమ్మ పోయింది."

ఆ కారుకే ఆనుకుని నిలబడిపోయాను. మొన్ననే ఫోన్ చేసి, బీపీ గోలీలు వేసుకోవడం లేదని నన్ను చెడామడా తిట్టింది.

సరోజన వదిన. మా అన్న భార్య. పాత కారు కొనేముందు ఏం చూడాలని మీరంతా నన్ను అడుగుతుంటారు కదా. నేను చెప్పేవన్నీ ఆమె నేర్పినవే.

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు సంగతి. వరంగల్ కొత్తవాడలో మాది దర్రీల వ్యాపారం, అంటే నేత జంపఖానాలు. కాలేజీ అయిపోయి అన్నతో షాపులో కూర్చునేవాణ్ణి. మనసంతా పాత కార్ల మీదే.

అన్నను బతిమిలాడి ఒప్పించాను. హనుమకొండలో ఒకాయన దగ్గర ఎర్ర కారు అమ్మకానికి ఉంది. పెయింట్ నిగనిగలాడుతోంది. చూడగానే ఫ్లాట్ అయిపోయాను.

"జర నేను గూడ వస్త" అని వదిన వెంట వచ్చింది. సీట్ల మీదికి బట్ట చూడడానికేమో అనుకున్నాం.

వచ్చీ రాగానే బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. నన్ను పక్కకు పిలిచింది.

"తమ్మీ, మనం రాకముందే స్టార్ట్ జేసి పెట్టిండు. వేడి మీదున్న ఇంజన్ ఎవలికైనా మంచిగనే పలుకుతది. చల్లగున్నప్పుడు చూడాలె."

తర్వాత కాళ్ళ దగ్గరి మ్యాట్ ఎత్తింది. ఇనుము తుప్పుపట్టి కిందున్న మట్టి కనిపిస్తోంది.

"దర్రీ కొనేటోళ్ళు బోర్లేసి చూస్తరు గదా. మీరేమో ముఖం జూసి కొంటాండ్రు."

తరతరాలుగా దర్రీలు అమ్మే ఇంట్లో పుట్టి, మాకు ఆ మాత్రం తట్టలేదు. అన్న నాలుక కరుచుకున్నాడు. నేను మాత్రం ఇంటికొచ్చి మూతి ముడుచుకుని కూర్చున్నాను.

వదిన అన్నం పెడుతూ క్లాస్ పీకింది. "రంగు ఎప్పుడైనా ఏసుకోవచ్చు, ఫికర్ జెయ్యకు. సామాన్లు దొరికే బండి చూడు. అమ్మేటోన్ని గూడ చూడు. వదిలించుకుంటాండా, వదల్లేక వదులుతాండా?"

ఇవన్నీ నీకెలా తెలుసు వదినా అని అడిగితే అప్పుడు బయటపెట్టింది. వాళ్ళ నాయిన డోర్నకల్ రైల్వేలో జీపు డ్రైవర్. పెళ్ళికి ముందే ఆమెకు డ్రైవింగ్ నేర్పాడు. లైసెన్స్ కూడా ఉంది.

మా ఇంట్లో అన్నకు తప్ప ఎవరికీ తెలియదు. కోడళ్ళు షాపు మెట్లెక్కడమే మా అమ్మకు నచ్చేది కాదు. ఇక కారు నడపడమా.

చివరికి కారును వెతికింది కూడా వదినే. డోర్నకల్‌లో ఒక రిటైర్డ్ రైల్వే ఆఫీసర్ దగ్గర. బూడిద రంగు, అక్కడక్కడా సొట్టలు. పొద్దున్నే వెళ్ళాం. చల్లటి ఇంజన్ గొణుక్కుంటూ స్టార్ట్ అయింది. కింద ఇనుము గట్టిగా ఉంది. వదిన నా వైపు చూసి తలూపింది. నా ప్రాణం లేచొచ్చింది.

పెద్దాయన మాత్రం తాళం చేతిలోంచి వదలడం లేదు.

"ఎవరు నడుపుతరు?"

అన్నకు రాదు. నాకు స్కూటర్ తప్ప రాదు. డ్రైవర్‌ను పెట్టుకుంటామని చెప్పాను.

"కిరాయి మనిషి చేతికి నేనియ్య" అని ఆయన లోపలికి వెళ్ళబోయాడు.

వదిన అన్న ముఖం చూసింది. ఆ మాట అంటే సంగతి అమ్మదాకా పోతుందని ముగ్గురికీ తెలుసు. అన్న పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చాడు.

"నేను నడుపుత సార్."

ఆయన చేతిలోని తాళం అందుకుని, కొంగు నడుముకు చుట్టుకుని, సీటు ముందుకు జరుపుకుంది. ఎదురుగా ఉన్న గ్రౌండ్ చుట్టూ తిప్పి తెచ్చి ఆయన ముందు మెత్తగా ఆపింది. ఆయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"తీస్కపో బిడ్డా."

దారిపొడుగునా వదినే నడిపింది. మానుకోట దాటాక అన్న నోరు తెరిచాడు.

"భయమైతలేదా?"

"మీ అమ్మంటేనే అయితాంది."

కొత్తవాడ గల్లీలోకి మలుపు తిరగగానే మగ్గాల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగింది. జనమంతా బయటికొచ్చారు. అమ్మ గుమ్మంలో ఉంది.

"ఎవలు నడుపుకొచ్చిండ్రు?"

మగవాళ్ళం ఇద్దరం నేల చూపులు చూస్తున్నాం.

"నేనే అత్తమ్మా."

అమ్మ కారు చుట్టూ తిరిగింది. ముందు డోర్ లాగి చూసింది, రాలేదు. వదిన లోపలి నుంచి తీసింది. అమ్మ ఎక్కి ఆమె పక్కన సర్దుకుని కూర్చుంది.

"రేపు శుక్రవారం. భద్రకాళమ్మ గుడికి తీస్కపో."

ఆ తర్వాత మా వైపు పాత కారు కొనాలనుకున్నవాళ్ళంతా ముందు మా ఇంటికే వచ్చేవారు. సరోజనమ్మ చూసిందంటే ఇంకెవరూ చూడక్కర్లేదు. ఆమె మా వదిన అని చెప్పుకోవడంలో నాకున్న గర్వం ఇంతా అంతా కాదు. ఇవాళ కూడా అదే గర్వంతో రాస్తున్నాను.

నిన్న సాయంత్రం పలకరించడానికి వచ్చిన ఒకాయన వెళ్తూ వెళ్తూ మెల్లగా అడిగాడు. మా బూడిద రంగు కారు ఏమైనా అమ్ముతారా అని.

అన్న తలెత్తాడు.

"ఎవరు నడుపుతరు?"

"డ్రైవర్ ఉన్నడు సార్."

అన్న తల అడ్డంగా ఊపాడు.

ఇవాళ వదినను సాగనంపేటప్పుడు వెనక ఆ కారే వచ్చింది. నడిపింది మనవరాలు. వదినే నేర్పింది. పక్క సీట్లో అన్న. బయల్దేరే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

గొణుక్కుంటూ స్టార్ట్ అయింది.

పోయిరా వదినా. ఇన్నేళ్ళు మమ్మల్నందరినీ కూర్చోబెట్టుకుని నడిపావు. ఇక నెమ్మదిగా, ఏ ఫికర్ లేకుండా విశ్రాంతి తీసుకో.