అయ్యనారు గుడి గడ్డి

వాన వెలిశాక వచ్చే గడ్డి వాసనకు నాకిప్పటికీ గుండె దడదడలాడుతుంది.

రాజపాళయంలో మా తాత జట్కా గుర్రానికి ఎండుగడ్డే అలవాటు. ఒక వానాకాలం, ఊరి కావలి దేవుడు అయ్యనారు గుడిలో మొక్కుబడి మట్టి గుర్రాల చుట్టూ మొలిచిన లేతగడ్డిని ఒడినిండా కోసుకొచ్చి దానికి పెట్టాను. సాయంత్రానికి అది చెమటలు కక్కుతూ నేలమీద పొర్లింది.

“ఇది ఏం తినిందో చూసినావామ్మా? తెలిస్తేనే కదా మందు పోసేది” అన్నాడు తాత.

తల అడ్డంగా ఊపాను. తన మట్టి గుర్రాల మేత దొంగిలించినందుకు అయ్యనారే దాన్ని పొర్లిస్తున్నాడనుకున్నాను. గుడికి పరుగెత్తి, ఒక మట్టి గుర్రం చెవిలో “నేనే కోసినాను, దాన్ని విడిచిపెట్టు” అని ఏడ్చాను.

మర్నాటికి గుర్రం లేచి నిలబడింది. అలవాటులేని పచ్చిమేత ఒక్కసారిగా తింటే దానికి కడుపునొప్పి వస్తుందని పెద్దయ్యాకే తెలిసింది.

తాత అడిగినదానికి జవాబు, ఆ రోజు నేను మట్టి గుర్రానికి చెప్పి వచ్చాను.