జ్వరం చీర

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. మా వాడకట్టులో రాత్రి బడి పెట్టినప్పుడు మా అత్తే నా ముందు నుంచి బీడీల చాట లాగేసి, "పో, నాలుగు అచ్చరాలు నేర్సుకో, కార్ఖానాల ఏం రాసుకుంటున్నరో మనకు గూడ ఎర్కుండాలె" అని పంపింది. ఆ తర్వాత చాలాసార్లు ఆమె ఆ మాటకు చింతించింది.

చిన్నప్పుడే చదువుకున్నవాళ్ళు గోడ మీద రాతను చూసీ చూడనట్టు పోగలరు. నాకు అది చేతకాలేదు. దుకాణం పేరు కనిపించినా, లారీ వెనక రాత కనిపించినా నిలబడిపోయి, కూడబలుక్కుంటూ పైకి చదివేదాన్ని. నిజామాబాద్ బస్టాండు పక్క గోడ మీద "ఇచ్చట మూత్రము పోయరాదు" అని ఉండేది. నేను ఒక్కొక్క అక్షరం పట్టుకొని "రాదు" దాకా చేరేసరికి, అక్కడ నిలబడ్డ పెద్దమనిషి పని ముగించుకొని ధోవతి సర్దుకొని పోయాడు. మా ఆయన ఆ రోజు నుంచి నాతో బస్టాండుకు రావడం మానేశాడు.

ఒక ఏడు వానాకాలంలో మా అత్తకు చలిజ్వరం వచ్చింది. సూదులు, గోళీలు, కషాయాలు అన్నీ అయ్యాక ఎట్లాగో తగ్గింది. డాక్టరు తగ్గిందన్నాడు, మేమూ తగ్గిందన్నాం. ఆమె ఒక్కతే ఒప్పుకోలేదు. జ్వరంలో కప్పుకొని పడుకున్న నీలం చీరను మూట కట్టి దూలం మీద పెట్టించింది. రోజంతా ఆ మూట వైపు చూస్తూ కూర్చునేది. "గా జ్వరం అండ్లనే ఉన్నది. నా కన్నంటుకుంటె దిగుతది" అనేది. అన్నం ముట్టదు, జావ తాగుతుంది. చాట దగ్గరికి రాదు. అన్నిటికన్నా నాకు భయం వేసింది దేనికంటే, ఆమె నన్ను తిట్టడం మానేసింది. పాలు పొంగి పొయ్యిలో పోయినా నోరెత్తలేదు. తిట్టని అత్త ఉన్న ఇంట్లో ఉండడం నాకు అలవాటు లేదు.

ఉపాయం మా పక్కింటి అక్క చెప్పింది. "గా చీర పట్కపోయి కందకుర్తి కాడ గోదార్ల ఇడిచిపెట్టు అత్తా. ఇడిచి ఎనక్కి సూడకుండ నడిసి అచ్చెయ్. జ్వరం గంగల పోతది. పోయినేడు నేను నా ఎర్ర సుక్కల పసుపు రైక ఇడిచిపెట్టిన, తలనొప్పి మళ్ళ మొఖం సూపెట్టలే!"

అత్త కళ్ళలో వెలుగు వచ్చింది. కార్తీకంలో వాడకట్టు ఆడవాళ్ళమంతా కలిసి ఒక డీసీఎం వ్యాను మాట్లాడుకున్నాం. వెనక అంతా ఖాళీ, కింద గడ్డి పరిచి దాని మీద జంపఖానాలు వేసుకొని కూర్చోవడమే.

ఒక్క అత్తదే మూట అనుకున్నాను. ఎక్కాక చూస్తే ప్రతి ఒడిలోనూ ఒక మూట ఉంది. ఒకరి మూటలో మోకాళ్ళ నొప్పి, ఒకరి మూటలో పీడకలలు. ఒకామె కొడుకు పదో తరగతి తప్పినప్పుడు తొడుక్కున్న చొక్కా తెచ్చింది.

డ్రైవరు ఎక్కేముందు వెనక్కి వచ్చి అన్నిటినీ చూశాడు. "అమ్మలారా, ముందుగాలనే జెప్తున్న. పోయేటప్పుడు గీ మూటలు ఎన్నన్న తెచ్చుకోండ్రి. అచ్చేటప్పుడు ఒక్కటి కనబడ్డా బండి కదలదు. మీ బీమార్లన్ని నా ఇంజన్‌కు తల్గుతయ్." అతని బండి ముందు నిమ్మకాయలు, మిరపకాయలు, నల్లదారం, గుర్రపు నాడా అన్నీ వేలాడుతున్నాయి. భయం అతనిదీ తక్కువది కాదు.

వ్యానులో కూడా మా చాటలు మా ఒళ్ళోనే. ఆ రోజు పని ఆ రోజు చేయకపోతే వెనకబడతాం. గుంత వచ్చినప్పుడల్లా ఒకరి తంబాకు మరొకరి తలలో పడేది. తునికాకు కత్తిరించిన ముక్కలు గాలికి లేచి, వెనక వచ్చే సైకిలువాళ్ళ మీద అక్షింతల్లా రాలేవి. బోధన్ దగ్గర రైలు గేటు పడింది. పక్కన చెరుకు బండ్లు ఆగి ఉన్నాయి. చేయి చాపితే గడలే. బండివాడు చూసి నవ్వాడే తప్ప ఏమీ అనలేదు. అక్కడి నుంచి రెంజల్ దాటేదాకా రోడ్డు పొడుగునా మా పిప్పే.

పొద్దున లేస్తే వాకిలి ఊడ్చి, అలుకు చల్లి, ముగ్గు పెట్టి, ఆ ముగ్గు తొక్కినవాడిని ఏడు తరాలు తిట్టే ఆడవాళ్ళం మేమంతా. ఊరు దాటేసరికి మాకేమవుతుందో తెలియదు. కందకుర్తిలో దిగగానే పక్కింటి అక్క క్యాను తీసి అందరికీ చాయ్ పోసింది. ఆ ఏడే బజారులోకి వచ్చిన పలుచని ప్లాస్టిక్ గ్లాసులు తెచ్చింది. "కడిగే కష్టమే లేదు, తాగుడు, పారేసుడు" అని గొప్పగా చెప్పింది. తాగాం, మెట్ల మీదే పడేశాం. ఎవరో సందేహిస్తే ఆమె, "గిది మన వాకిలా ఏంది, ఊడ్వనీకి?" అంది. అందరం నవ్వాం, నేనూ నవ్వాను.

అప్పుడు నాకు బోర్డు కనిపించింది. రేవు పక్కన, కొత్తగా రంగు వేసి ఉంది. నా కాళ్ళు వాటంతట అవే నిలబడ్డాయి. "న... ది... లో... బ... ట్ట... లు... ప్లా... స్టి... కు... క... వ... ర్లు..."

"ఆఁ, గందుకే గదా అచ్చింది!" అంది పక్కింటి అక్క సంతోషంగా. "బోర్డు గూడ జెప్తుంది, ఇంకేం సూస్తున్నరు? ఏయిండ్రి!"

మోకాళ్ళ నొప్పి, పీడకలలు, పదో తరగతి, అన్నీ నీళ్ళలోకి పోయాయి. అందరూ గిరుక్కున తిరిగి, వెనక్కి చూడకుండా మెట్లెక్కడం మొదలుపెట్టారు.

"...వే... య... రా... దు," అన్నాను నేను.

మెట్ల మీద అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. వెనక్కి తిరిగి నన్ను తిట్టాలని ఉంది, కాని వెనక్కి చూడకూడదు. అందుకని ముందుకు చూస్తూనే తిట్టారు. "సదువు గోదారమ్మకు రాదు, నీకే అచ్చింది" అంది ఒకామె రావిచెట్టుతో చెప్పినట్టు.

మూట చేతిలో మిగిలింది మా అత్తకే. ఆమె ముఖం వాడిపోయింది. "నిన్ను బడికి పొమ్మన్నది నేను. గది నా మెడకే సుట్టుకున్నది" అంది. రెండు నెలల తర్వాత మొదటి తిట్టు. నాకు కొంచెం ప్రాణం లేచి వచ్చింది. కాని ఆ చీర విడవకుండా ఇంటికి పోతే ఆమె మళ్ళీ దూలం వైపు చూస్తూ కూర్చుంటుందని కూడా తెలుసు. నోరు మూసుకొని ఉంటే పోయేది కదా అనిపించింది.

అత్త బోర్డు వైపు చూసింది. "ఏసుడు వద్దన్నది గని, ఇడుసుడు వద్దన్నదా?"

నేను బోర్డంతా వెతికాను. "లేదత్తా. ఇడుసుడు మాట లేదు."

"మరి గంతే," అని నీళ్ళలోకి దిగింది. నేను చేయి పట్టుకున్నాను. మోకాళ్ళ లోతులో మూట విప్పి, చీరను నీళ్ళ మీద పరిచినట్టు విడిచి, దండం పెట్టి, వెనక్కి తిరిగింది. ఆమె చూడలేదు. నేను చూశాను. చీర కొంచెం దూరం పోయింది, ఏదో మరిచిపోయినట్టు ఆగింది, రేవు పక్క సుడిలో చిన్నగా తిరిగి మా వెంటే వచ్చింది.

అత్త ఆగిపోయింది. "ఎవలే నా కాలు పట్టింది?"

"ఎవ్వలు లేరత్తా."

"నేను ఎనక్కి సూడొద్దు. నువ్వు సూడు."

"సూసిన. చీరనే."

మళ్ళీ విడిచింది. ఈసారి చీర ఒంటరిగా రాలేదు. పదో తరగతి తప్పిన చొక్కాను వెంటబెట్టుకొని వచ్చింది. చొక్కా రెండు చేతులూ చాపి ఆమె కాళ్ళను చుట్టుకుంది. అత్త కెవ్వున కేక వేసి మెట్టు మీద కూలబడింది. తడిసిన ఒళ్ళు, కార్తీకం గాలి. పళ్ళు కటకటలాడసాగాయి.

"గంగమ్మ నాది వద్దన్నది" అంది, ఏడుపు గొంతుతో. "అందరియి తీసుకున్నది, నా ఒక్కదానిదే వద్దన్నది."

"అయ్యో, సలి పుట్టింది. మళ్ళ అచ్చినట్టే ఉన్నది" అని పక్కింటి అక్క రెండు మెట్లు పైకి జరిగింది. పైనుంచి డ్రైవరు అరిచాడు. "గా ముసలమ్మను ముందు సీట్ల కూసుండనియ్య!"

అంతసేపూ కొంచెం అవతల ఒకామె తన పని తాను చేసుకుంటూ ఉంది. రేవులో పడవ నడిపే ఒకాయన భార్య. చీర కాసెపోసి కట్టుకుంది. పొడుగాటి వెదురు కర్రకు ఇనుప కొక్కెం కట్టి, నీళ్ళలోంచి బట్టలు లాగి గట్టు మీద కుప్ప పోస్తోంది. అవి తెడ్డుకు చుట్టుకొని, వలకు చుట్టుకొని వాళ్ళ పడవ కదలనివ్వడం లేదట. మేము వెనక్కి చూడకుండా విడిచినవన్నీ రోజూ ఆమెకు ముందు నుంచే కనిపిస్తాయి.

ఆమె మా అత్త కాళ్ళకు చుట్టుకున్న చీరను కొక్కెంతో తీసింది. "ఆజీ, ఎందుకు ఏడుస్తవ్?" అంది. అవతలి ఒడ్డు మరాఠీ, ఇవతలి ఒడ్డు తెలుగు కలిసిన మాట. అవ్వను వాళ్ళు ఆజీ అంటారు. "నాకియ్యి. నీ బుఖార్ నాతాన ఉంటది."

"నీకు భయం గాదా?" అంది అత్త.

"నా గుడిసెల మస్తు బుఖార్లున్నయి. తలనొప్పులున్నయి, దగ్గులున్నయి. అన్ని ఒకదాని పక్కన ఒకటి గమ్మున పండుకుంటయి."

అంటూనే పడవలోంచి ఒక పొడి బొంత తెచ్చి అత్త భుజాల చుట్టూ కప్పింది. పాత బట్టల ముక్కలు పొరలు పొరలుగా పేర్చి, దగ్గర దగ్గరగా కుట్టు వేసిన బొంత. ఆకుపచ్చ, ఎరుపు, గళ్ళు, పూలు, పక్కపక్కన రకరకాల రంగులు. అత్త ముడుచుకొని కూర్చుంది. కాసేపటికి పళ్ళ చప్పుడు ఆగింది. ఇంకాసేపటికి ఆమె చేయి బొంత మీద కుట్టును తడుముతోంది.

"మస్తు మెత్తగున్నదే. నువ్వే కుట్టినవా?"

"నేనే ఆజీ."

అత్త బట్ట ఎక్కడిది అని అడగలేదు. పడవామె గట్టు మీది కుప్ప చూపలేదు. నాకు తెలిసిపోయింది. కనిపించినదల్లా పైకి చదివే నా నోరు ఆ ఒక్కసారి మూసుకుంది.

"గిది నాకిస్తవా?" అంది అత్త. వ్యానులో చుట్టిన మా ఇద్దరి బీడీల కట్టలు సంచిలోంచి తీసి ఆమె చేతిలో పెట్టింది. "మీ ఆయనకు. పచ్చియే గని, ఎండల పెడితే మంచిగ కాల్తయి." ఆమె నవ్వి తీసుకుంది.

తినడమూ, గుడిలో దర్శనమూ అయ్యాక అందరం వ్యాను వైపు నడిచాం. అత్త బొంత కప్పుకొని ముందు నడుస్తూ, సగం దారిలో టక్కున ఆగి వెనక్కి తిరిగింది.

"అత్తా! ఎనక్కి సూడొద్దు!" అని పక్కింటి అక్క మొత్తుకుంది.

"నా చీర సక్కగ ఆరేసిందా లేదా సూడొద్దా?" అంది అత్త. చూసింది. కొంగు మడత పడిందని ఇక్కడి నుంచే చేతితో సైగ చేసింది. అక్కడ ఆమె మడత విప్పింది. అప్పుడు కదిలింది మా అత్త.

వ్యాను దగ్గరికి రాగానే నాకు డ్రైవరు పెట్టిన షరతు గుర్తొచ్చింది. డ్రైవరు బొంతను అటూ ఇటూ తిప్పి చూశాడు. "బొంతనా? మంచిగున్నది. ముందే జెప్తే నా సీటు మీదికి గూడ ఒకటి తీసుకుందు గద" అన్నాడు. తిరుగు దారిలో ఒక్క మూటనూ బండి ఎక్కనివ్వనన్న మనిషే, ఊరందరి మూటలనూ కలిపి కుట్టినదాన్ని చేతులతో అందుకొని పైన పెట్టాడు.

ఆ రాత్రి అత్త ఆ బొంత కప్పుకొని పడుకుంది. తెల్లారి నన్ను లేపింది ఆమె గొంతే. "పొద్దు బారెడు ఎక్కింది, ఇంక పండుకో! ఆకు నానబెట్టేది ఎవలే, మీ అవ్వనా?" నేను లేచి, పొయ్యి ముందు కూర్చొని, ఎవరికీ కనబడకుండా నవ్వుకున్నాను. ఆ పొద్దు ఆమె అన్నం తిన్నది.

చలికాలంలో ఒకనాడు బొంతను దండెం మీద ఎండేశాం. పక్కింటి అక్క గోడ మీది నుంచి చూసి, దిగి వచ్చి, దగ్గరికి పోయి ముక్కు ఆనించినంత పని చేసింది.

"అత్తా! గిది నా రైకనే! ఎర్ర సుక్కల పసుపు రైక! నా తలనొప్పి!"

అత్త చేస్తున్న బీడీ మీది నుంచి తల ఎత్తలేదు. "ఔ, నీదే. నాకు ఎర్కే."

"ఎర్కయి కప్పుకుంటున్నవా? నొస్తలేదా తల?"

"నువ్వు అచ్చినంక నొస్తున్నది."

ఆమె పోయాక నేను మెల్లగా అడిగాను. "అత్తా, నీకు ఎప్పుడు తెల్సింది?"

"ఆడనే. గట్టు మీద కుప్ప నాకు కనబడలేదా? నాకు సదువు రాదు గని కండ్లున్నయి."

"మరి భయం కాలేదా?"

"సలి పెడుతుండెనే" అంది అత్త. "సలి పెట్టేటప్పుడు ఎవలిదని అడుగుతరా?"

మరుసటి కార్తీకానికి మళ్ళీ అదే వ్యాను, అదే రేవు. పక్కింటి అక్క మళ్ళీ ఆ గ్లాసులే తెచ్చింది, మళ్ళీ మెట్ల మీదే పడేసింది. "ఎత్తు" అంది అత్త. "గిది మన వాకిలా?" అంది ఆమె. "మనది కాదు. గామెది" అని అత్త పడవ వైపు చూపించింది. అక్క గొణుక్కుంటూ ఏరింది, రెండు వదిలేసింది, ఆ రెండూ నేను ఏరాను. బోర్డు రంగు వెలిసింది. నా చదువు గట్టిపడింది. నోరు తెరిచానో లేదో, "సదువకు, తెల్సు" అంది అత్త.

ఉతికి, మడత పెట్టిన పాత చీరల మూటను ఆమె తిన్నగా పడవామె చేతికే ఇచ్చింది. ఇచ్చి అక్కడే నిలబడింది. ఏడాదంతా ఆమె మనసులో ఉన్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"బిడ్డా, నా జ్వరం ఏమైంది?"

పడవామె మూటను పడవలో పెట్టింది. "గా నీలం చీరనా? బొంత కుట్టి మా బిడ్డకిచ్చిన ఆజీ. నాందేడు పోయింది, అత్తగారింటికి. మనుమరాలు దాని మీదనే పండుకుంటది."

"పిల్లకు ఒళ్ళు మంచిగనే ఉన్నదా?"

"మస్తుగున్నది. గా బొంత లేకుంటె నిద్రనే పోదట."

అత్త గుండెల నిండా ఊపిరి తీసుకుంది. తిరుగు దారిలో, బోధన్ గేటు దగ్గర చెరుకు బండ్ల పక్కన ఆగినప్పుడు కూడా, ఎవరు అడిగినా అడగకపోయినా చెబుతూనే ఉంది. "పాతదే గని, మెత్తటి చీర. నాందేడుల గూడ అంత మెత్తది దొరకది."