కార్జం ముక్క

డెబ్బైల మొదట్లో మేం లింగంపల్లి స్టేషనుకు దగ్గర్లో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయనకు బాలానగర్‌లో ఒక కార్ఖానాలో ఉద్యోగం. అంత దూరంలో ఇల్లెందుకు తీసుకున్నారని అడిగితే ఇక్కడ గాలి బాగుంటుందని చెప్పేవారు. గాలి బాగానే ఉండేది, గాలి తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఇంటి వెనక నుంచి కొండాపూర్ వైపు, మాదాపూర్ వైపు, ఎటు చూసినా బండరాళ్లు, సీతాఫలం పొదలు, మధ్య మధ్య జొన్న చేలు. ఇప్పుడు అక్కడే ఒక అద్దాల మేడలో మా మనవడు ఉద్యోగం చేస్తున్నాడు. మీ ఆఫీసు దగ్గర మేకలు మేసేవిరా అంటే మర్యాదకి నవ్వుతాడు.

ఆ వేసవిలో నాకు ఉద్యోగం వచ్చింది. పక్క ఊరి బడిలో టీచరుగా, జూన్‌లో బడి తెరిచిన రోజున చేరాలి. పెళ్లికి ముందే ట్రైనింగ్ పూర్తి చేసి, ఆ సర్టిఫికెట్టును చీరల అడుగున దాచుకుని కూర్చున్న మనిషిని నేను. ఆ ఉద్యోగం నాకెంత కావాలో మా ఆయనకు కూడా సరిగ్గా తెలీదు. కానీ చంటిపిల్లకు ఇంకా ఏడాది నిండలేదు. దాన్ని చూసుకోవడానికి మా అత్తయ్య తప్ప వేరే దిక్కు లేదు. ఆవిడ గోదావరి వైపు నుంచి మనవరాలిని చూద్దామని వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు. ఉండిపోమ్మా అని అడగడానికి మా ఆయనకు నోరు పెగలదు. నాకు నోరుంది గానీ ఆవిడ ముందు లేవదు. అందుకని ఉద్యోగం సంగతి ఆవిడ దగ్గర ఇద్దరం ఎత్తలేదు. ఆవిడేమో వచ్చిన వారానికే వెళ్లిపోతానని మొదలుపెట్టారు.

కారణం తిండి. మా ఆయన సాయంత్రం సిటీ నుంచి సంచీలో తెచ్చే వంకాయలను ఆవిడ ఒక్కొక్కటే తీసి చూసి, నిట్టూర్చి, మళ్లీ సంచీలో పెట్టేసేవారు. బజారులో కొన్న మాంసం అయితే ముట్టుకోలేదు. అది ఏ ఊరిదో, ఏం మేసిందో, ఎప్పుడు కోశారో తెలీకుండా నోట్లో ఎలా పెట్టుకుంటారమ్మా అని నన్నే అడిగేవారు. ఈ రాళ్లలో మంచి తిండి ఎక్కణ్ణుంచి వస్తుందని తేల్చేసి, తనతో తెచ్చుకున్న ఆవకాయా, మజ్జిగా వేసుకుని రెండు పూటలా సరిపెట్టుకునేవారు. జాడీ అడుగు కనిపించిన రోజున ఈవిడ రైలెక్కేస్తారని నాకు అర్థమైపోయింది.

నాకు పట్టుదల వచ్చింది. మనుషులు ఉన్న చోట తిండి పండకుండా ఎలా ఉంటుంది? ఒకరోజు తెల్లవారుజామున పిల్లను చంకనేసుకుని స్టేషను వైపు వెళ్లాను. ప్లాట్‌ఫారం మీద గంపలు వరసగా పెట్టుకుని ఆడవాళ్లు కూర్చున్నారు. తడి ఇంకా ఆరని వంకాయలు, లేత బీరకాయలు, కట్టలు కట్టిన గోంగూర. ఎక్కడివని ఒకామెను అడిగితే మా ఇంటి వెనక బండలకేసి చెయ్యి చూపించింది. ఆ బండల అవతల బావి కింద ఆమెకు తోట ఉందట. రోజూ పొద్దున రైల్లో సిటీకి తీసుకెళ్లి అమ్ముతుందట. ఇక్కడెందుకు అమ్మవని అడిగాను.

"ఈడ అడిగెటోళ్లు ఎవలున్నరమ్మా?" అంది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఇంటి వెనక కాసిన వంకాయలు మా ముందే రైలెక్కి సిటీకి పోయి, సాయంత్రం దాకా ఎండలో వాడి, మా ఆయన సంచీలో కూర్చుని తిరిగి మా ఇంటికే వస్తున్నాయి. అదీ మా ఆయన బేరమాడి మరీ తెచ్చేవారు. మర్నాటి నుంచి ఆమె గంప ముందు మా గుమ్మంలో దిగేది, తర్వాతే స్టేషనుకు వెళ్లేది. మొదటి రోజు అత్తయ్య ఒక వంకాయ తొడిమ తుంచి, వాసన చూసి, పొయ్యి దగ్గరకు వెళ్లారు. ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. నేను సగం గెలిచాననుకున్నాను.

మిగతా సగం మాంసం దగ్గర ఉంది. ఆ మాటా తోటామెతోనే కదిపాను. వాళ్ల ఊళ్లో ఆదివారం ఆదివారం ఒక యాటను, అంటే మేకపోతును, కోస్తారని, మా బండల్లో మేసిన జీవమేనని, కావలసిన ఇళ్లవాళ్లు ముందుగా చెప్పుకుంటే పోగులు వేసి పంచుతారని చెప్పింది. మా ఇంటికీ ఒక పోగు చెప్పి పెట్టింది. అత్తయ్య తానూ వస్తానన్నారు. మాంసం తన కంటితో చూడకుండా వండరు కదా.

ఆదివారం పొద్దున్నే పిల్లను మా ఆయనకు అప్పజెప్పి, అత్తయ్యా, నేనూ, తోటామే ముగ్గురం బండల మధ్య దారిలో ఊళ్లోకి వెళ్లాం. ఒక వెడల్పాటి బండ మీద మోదుగాకులు పరిచి మాంసం పోగులు పెడుతున్నారు. తొడ ముక్కా, ఎముకా, కొవ్వూ, కార్జమూ ప్రతి పోగులోనూ కొంచెం కొంచెం. తూకమూ లేదు, తక్కెడా లేదు. పోగులు పెట్టడం అయ్యాక ఒక ముసలాయన అటు తిరిగి కూర్చుంటాడు. ఇంకో ఆయన ఒక పోగు మీద వేలు పెట్టి "ఇదెవలకు?" అంటాడు. వెనక్కి చూడకుండా ముసలాయన ఒక ఇంటి పేరు చెప్తాడు. ఏ పోగు వస్తే అదే తీసుకోవాలి, బాగుందనీ బాగాలేదనీ అనకూడదు. తోటామె ఇదంతా నా చెవిలో చెప్పింది. అత్తయ్య చెవిలో కూడా చెప్పి ఉండాల్సింది.

ముసలాయన ఇంకా వీపు తిప్పనే లేదు. అత్తయ్య కొంగు దోపుకుని వంగి, ఒక పోగులోంచి కార్జం ముక్క తీసి పక్క పోగులో పెట్టారు. పోగు పడ్డాక ఎవ్వరూ చెయ్యి పెట్టకూడదట. కోసినాయన పోగులన్నీ మళ్లీ ఒక్కచోటికి నెట్టి, మొదటి నుంచి పంచడం మొదలుపెట్టాడు. ఎండెక్కిపోయింది. ఊరివాళ్లంతా మా వైపు చూసిన చూపులు ఇప్పటికీ గుర్తే. మా పోగు మాకిచ్చారు గానీ, ఇగ మల్ల రావద్దని ముసలాయన నెమ్మదిగా చెప్పాడు.

దారంతా అత్తయ్య ముఖం ఎర్రగా ఉంది. "ఆ పోగులో కార్జం తక్కువ పడిందమ్మా, సరిచేశాను. న్యాయం చేస్తే తప్పా?" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లు నేను పడ్డ తిప్పలన్నీ ఒక్క ముక్కతో బండల పాలు చేశారని కోపం. కానీ ఆవిడ ఆ మాంసం మాకు వండి పెట్టి, తను మళ్లీ మజ్జిగన్నమే తింటుంటే నోరెత్తలేకపోయాను. చెయ్యి కడుక్కుంటూ కొడుకుతో, వచ్చే ఆదివారం సాయంత్రం బండికి టికెట్టు తియ్యమన్నారు. సరిగ్గా ఆ మర్నాడే బడి తెరిచేది. మా ఆయన తలూపి టికెట్టు తెచ్చేశారు. ఆ మనిషి తలూపడంలో ఎప్పుడూ ఆలస్యం చెయ్యరు. ఉద్యోగానికి రాలేనని హెడ్మాస్టరుతో ఎలా చెప్పాలా అని ఆ వారమంతా మనసులో మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ కుదరలేదు.

శనివారం పొద్దున తోటామె వచ్చి, గంప దించకుండానే కిసుక్కున నవ్వింది. ఊళ్లో పెద్ద పంచాయితీ అయిందట. పోగు మీద వేలు పెట్టే ఆయన దగ్గితే ఒక ఇల్లు, గొంతు సవరిస్తే ఇంకో ఇల్లు అని ముసలాయనకు ముందే తెలుసునని ఎవరో పట్టేశారట. ఇక ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు. రేపు పోగులు ఎవరు చెప్పాలన్న దగ్గర ఊరంతా పరేషాన్ అయి కూర్చుందట.

తర్వాత గంప దించి అత్తయ్య దగ్గరకు వెళ్లింది. "పెద్దమ్మా, నువ్వు చెయ్యి పెట్టింది తప్పే. గని నీ పోగేదో నీకే తెల్వకపాయె, తక్కువున్న దాంట్ల ఏసినవ్. ఊరంత గదే ముచ్చట. రేపు నువ్వే ఈపు తిప్పి చెప్పాలంటున్నరు."

"మీ ఊళ్లో నాకెవరూ తెలీదే," అన్నారు అత్తయ్య.

"గందుకే రమ్మంటున్నం."

ఆ రోజు తోటామెకు రైలు తప్పిపోయింది. ఏ ఇంటిని ఏమని పిలుస్తారు, మర్రి మూల ఇల్లంటే ఎవరిది, బావి కాడి ఇల్లంటే ఎవరిది అని అత్తయ్య ఆమెను కూర్చోబెట్టి అడుగుతూనే ఉన్నారు. సాయంత్రం మనవరాలిని ఒళ్లో ఊపుతూ జోలపాటకు బదులు ఆ ఇళ్ల పేర్లే వల్లించారు. పిల్ల చక్కగా నిద్రపోయింది.

మర్నాడు ఆవిడ బండకు వీపు తిప్పి, కొంగు నిండా కప్పుకుని, పెళ్లిపీటల మీద కూర్చున్నంత బిగుసుకుని కూర్చున్నారు. వేలు పెట్టే ఆయన దగ్గు వచ్చినా ఆపుకుంటున్నాడు. ఒక్కొక్క ఇంటి పేరూ తడబడకుండా చెప్పుకొచ్చారు. మా ఇంటి పేరు మాత్రం చివరికి అట్టిపెట్టారు. మిగిలిన పోగు మాకొచ్చింది. అందులో మాంసం కంటే ఎముకలు ఎక్కువ. ఆవిడ దానికేసి ఒకసారి చూసి, ఆకు మడిచి సంచీలో పెట్టుకున్నారు. ముసలాయనే ముందుగా లేచి మాకు దారిచ్చాడు.

ఇంటికొచ్చి గోంగూర వేసి వండారు. ఎముకల్లోంచి దిగిన రుచి ఏమిటోగానీ, అంత మంచి కూర నా జన్మలో మళ్లీ తినలేదు. ఆవిడ కూడా తిన్నారు, ఎముక చప్పరించి మరీ తిన్నారు. నేను మాత్రం రుచి ఆస్వాదిస్తూనే గడియారం చూస్తున్నాను. మూల ఆవిడ పెట్టె సర్ది ఉంది. ఇక ఆగలేక మా ఆయన, "అమ్మా, ఎండ తగ్గాక బయల్దేరదామా?" అన్నారు.

"ఎక్కడికిరా? వచ్చే ఆదివారం పోగులు నన్నే చెప్పమన్నారు. ఒప్పుకున్న పని వదిలేసి ఊరెళ్లిపోతే ఏం బాగుంటుంది?"

అని, నా వైపు తిరిగారు. "నీ చీర ఇంకా ఇస్త్రీ చేసుకోలేదేమమ్మా? బడి రేపే కదా."

మేం ఒక్క మాట కూడా చెప్పకుండానే ఆవిడకు అన్నీ తెలుసు. రెండు గదుల ఇంట్లో మా గుసగుసలు ఎక్కడ దాగుతాయి? నాకు ఏడుపు ఆగలేదు. సంతోషానికే అనుకోండి, కానీ వెక్కి వెక్కి ఏడ్చాను. కళ్లు తుడుచుకుని, పొయ్యిలో మిగిలిన నిప్పులు తీసి ఇస్త్రీపెట్టెలో వేశాను.