ఖాళీ గుప్పెడు

ఆ రక్తపరీక్షల ల్యాబులో అందరూ ఆమెను కిందక్క అనేవారు. కూర్చునేది నేలమాళిగలో, సర్వర్ల పక్క గదిలో. కిటికీ లేదు. పదకొండేళ్లుగా ఏసీ మోతే తోడు. రెండేళ్ల కిందట భర్తకు వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. ఆ ఊళ్లోనూ ఈ ల్యాబుకు శాఖ ఉంది. ఆమె బదిలీ అడిగినప్పుడల్లా మేనేజరు ఒకటే పాట. "నువ్వు కదిలితే ఇక్కడ సర్వర్లు చూసేదెవరమ్మా?"

చివరికి ఒక మెట్టు దిగాడు. "వారం రోజులు నీ చెయ్యి పడకుండా పని నడవాలి. నడిస్తే సంతకం పెట్టేస్తా. చెయ్యి పడిందో, అక్కడి శాఖలో ఉన్న ఖాళీలో ఇంకొకళ్లను వేసేసుకుంటారు."

రోగుల పరీక్షల వివరాలన్నీ సర్వర్ మెమరీలో ఉండేవి, ఒక్కోదానికి ఒక్కో కీ, అంటే గుర్తుపేరు. గంటగంటకూ ఒక ప్రోగ్రాము లేచి, సిద్ధమైన రిపోర్టుల కీలు వెతికి, రోగులకు మెసేజీలు పంపేది. లక్షల కీలు ఒకేసారి అడిగితే సర్వర్‌కు ఊపిరాడదు. గుప్పెడు గుప్పెడుగా అడగాలి. ప్రతి గుప్పెడుతో ఒక అంకె వస్తుంది, తర్వాత ఎక్కణ్ణుంచి వెతకాలో చెప్పడానికి. ఆ అంకె సున్నా అయితేనే వెతుకులాట ముగిసినట్టు.

ఐదు రోజులు ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని చూసింది. ఆరోరోజు ఆదివారం, రిపోర్టులు పలచబడ్డాయి. పది నిమిషాల పనిని ప్రోగ్రాము రెండు నిమిషాల్లోనే 'పూర్తి' అంది. ఆమె వేళ్లు వాటంతటవే మీటల మీదికి వెళ్లి, ఉలిక్కిపడి ఆగాయి. ఇలా ఆగినప్పుడల్లా ఆగిన అంకె నుంచి దాన్ని మళ్లీ ముందుకు తోయడం ఆమెకు ఎన్నేళ్ల అలవాటో! ఎందుకు ఆగుతోందని ఏనాడూ చూడలేదు.

ఇప్పుడు చూసింది. గుప్పెడు ఖాళీగా వస్తే ఆపెయ్యమని ప్రోగ్రాములో ఉంది. కొత్తల్లో తనే రాసింది. వెతికిన కాసిన్ని కీలలో సిద్ధమైనది లేకపోతే గుప్పెడు ఖాళీగానే వస్తుంది. అవతల ఇంకా బోలెడు మిగిలి ఉంటాయి.

మరుసటి గంటా అక్కడే ఆగింది. పైనుంచి కౌంటరావిడ ఫోను చేసింది. "కిందక్కా, ఒకాయన కదలట్లేదు. రిపోర్టు వస్తేగానీ వాళ్లావిడకి ఆపరేషన్ చెయ్యరట. మెసేజీ రాలేదని నా ప్రాణం తీస్తున్నాడు."

"ఆయనది కాగితం మీద తీసి ఇచ్చెయ్."

"ఇచ్చేశా. ఆయన వెనక ఇంకో ముగ్గురున్నారు. ఇంట్లో కూర్చున్నవాళ్ల సంగతి దేవుడికెరుక!"

ఇంకొక్క రోజు. కళ్లు మూసుకుంటే గడిచిపోతుంది. ఆమె కళ్లు మూసుకుని చూసింది కూడా. తర్వాత ఆ ఒక్క వరుసా మార్చింది: గుప్పెడుతో పనిలేదు, అంకె సున్నా అయ్యేదాకా ఆగకు. ప్రోగ్రాము ఖాళీ గుప్పెళ్లు దాటుకుంటూ చివరిదాకా వెళ్లింది. తనే మేనేజరుకు ఫోను చేసింది.

"చెయ్యి పడింది సార్. తప్పు నాదే, సరిచేశాను. ఇకమీదట నిజంగానే నాతో పనుండదు."

"అదిగో, నువ్వు లేకపోతే ఎంత గోల అయ్యేదో చూశావా!" అన్నాడాయన సంబరంగా. "నిన్ను వదులుకుంటానా?"

సాయంత్రం భర్త ఫోను చేశాడు. "ఏమన్నాడే మీ సారు?"

"మెచ్చుకున్నాడండీ," అంది.

"అయితే వచ్చేనెల కూడా నేనే వస్తాలే," అన్నాడాయన.