చెడిపోయిందన్న కార్డు

మా ప్రోగ్రాం సార్ పోయారని సోమవారం పొద్దున ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. నేను నమ్మలేదు. ఒక్క నోటి మాటను వార్త అనుకోవద్దని నేర్పింది ఆయనే కాబట్టి, కోడుమూరులో వాళ్ల ఇంటి పక్కనున్న మందుల షాపుకు ఫోన్ చేశాను. "నిజమేమ్మా, తెల్లారగట్ల పోయినాడు" అన్నాడు షాపాయన. ఇంకో ఇద్దరిని అడిగాను. అబద్ధమని ఒక్కరైనా అంటారేమోనని ఆశ.

కర్నూలు లోకల్ కేబుల్‌లో ఆదివారం వచ్చే కుర్రకారు కార్యక్రమానికి ఆయనే పెద్ద. పాటలు, మిమిక్రీ, మధ్యలో ఊరి సంగతులు. మేమంతా డిగ్రీ పిల్లలం, నేను యాంకర్ని. సార్ టీ తెచ్చినా ముందు వాసన చూసేవారు. రోడ్డు గుంతల గురించి మాట్లాడ్డానికి ఎవరైనా వస్తే, "ఏమప్పా, నీ ఇంటి ముందర గుంత ఉండాదా, యాడో విన్నావా?" అని ఆయన్నే నిలదీసేవారు. "ఎవుర్నీ నమ్మాకు పాపా, నన్ను గూడా" అనేవారు నాతో.

ఆ చివరి మాట నేను బాగానే పట్టుకున్నాను. ఒక హాస్టల్లో అన్నంలో పురుగులొస్తున్నాయని తెలిసి కెమెరా పట్టుకుని పోయాను. ఇంటర్ చదివే అమ్మాయి ధైర్యంగా మాట్లాడింది. ఆదివారం ఇంటిల్లిపాదినీ టీవీ ముందు కూర్చోబెడితే, దాని చోట మిమిక్రీ వచ్చింది. ఒళ్లు మండిపోయింది. మరునాడు అడిగితే సార్ తలెత్తలేదు.

"కెమెరా కార్డు చెడిపోయినాది పాపా."

ఆ వారమే హాస్టల్‌కు సరుకులు వేసే కాంట్రాక్టర్ మా ఆఫీసు మెట్లు దిగడం చూశాను. "ఎంతకు చెడిపోయింది సార్?" అన్నాను, అందరి ముందూ. ఆ రోజే ప్రోగ్రాం మానేశాను. రెండేళ్లపాటు బజార్లో కనబడినా మొహం తిప్పుకున్నాను. ఆయన అమ్ముడుపోయాడని నలుగురికీ చెప్పాను కూడా.

సార్ పోయిన పదకొండో రోజున వాళ్లింటికి వెళ్తే వాళ్లావిడ ఒక కవరు నా చేతిలో పెట్టారు. "ఆయప్ప నీకే ఇయ్యమన్నాడు. పాప కోపం తగ్గినాక ఇయ్యి అన్నాడు."

లోపల ఆ కార్డే. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెడితే శుభ్రంగా ఆడింది. చూశావా, నా అనుమానమే నిజమని లోలోపల సంతోషం కూడా వేసింది. సిగ్గుపడుతూనే చెప్తున్నాను.

అమ్మాయి మాటలు అయిపోయాయి. నేను ఆపడం మరచిన కెమెరా ఇంకా నడుస్తూనే ఉంది. మేం తీసుకొచ్చింది చివరిదాకా చూసే ఓపిక సార్ ఒక్కరికే ఉండేది. తెర మీద అరుగు, ఇద్దరమ్మాయిల కాళ్లు. ఆ అమ్మాయి పక్కదానితో గుసగుసగా అంటోంది: "టీవీలో వస్తే మా నాయన సదువు మానిపిస్తాడే. ఆ అక్కకు ఎట్ల చెప్పల్ల? శానా సంబరపడతాండాది."

నాకు చెబితే నేరుగా ఆ పిల్ల దగ్గరికే పోయి ఒప్పిస్తానని సార్‌కు తెలుసు. నిజంగా పోయేదాన్నే. కాంట్రాక్టర్ ఆ రోజు ఎందుకొచ్చాడో మాత్రం ఇప్పటికీ తెలియదు. సార్‌ని అడుగుదామంటే మనిషి లేడు. అన్న మాట వెనక్కి తీసుకుందామన్నా లేడు.

కార్డులో ఇంకాస్త మిగిలి ఉంది. వెనక ఎక్కడో నా గొంతు, ఎవరికో ఫోన్లో నవ్వుతూ చెబుతోంది: "ఆదివారం చూడు, ఊరంతా మా గురించే." అరుగు మీది కాళ్లలో ఒక జత మెల్లగా వెనక్కి జరిగి, తలుపు చాటుకు పోయింది.